మూఢానికి ముందు కొన్న రాడ్లు

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం అనుకోకండి, ఫోన్లోనే రైలు టిక్కెట్లు కొనుక్కునే రోజులే) నాకు ఏదన్నా తెలియకపోతే నలుగురిని అడిగితే తెలుస్తుందని గట్టి నమ్మకం ఉండేది. నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా తెలియకుండా పోతుందని అప్పటికి నాకెవరూ చెప్పలేదు. చెప్పినా, అది నిజమేనా అని ఇంకో నలుగురిని అడిగేదాన్ని. మాది బందరులో తరతరాలుగా బడిపంతుళ్ళు, గుమాస్తాలు పుట్టుకొస్తున్న వంశం. తాతయ్య లెక్కల మాస్టారు, నాన్న కోర్టులో గుమాస్తా. మా ఇంట్లో ఇనుము అంటే గుండుసూదులు, స్టేప్లరు, ఒక బీరువా. వీటిలో ఏది పాడైనా మేం చేసే మరమ్మతు ఒకటే, దాని చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం. అలాంటి ఇంట్లో పుట్టి, బీఎస్సీ పూర్తయ్యాక ఒక పొద్దున్న, "నేను వెల్డింగ్ నేర్చుకుంటాను" అన్నాను. అమ్మ పోపు మాడ్చేసింది. నాన్న పేపరు మడిచి, "వెల్డింగులో ఏది?" అన్నారు. వెల్డింగులో రకాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. (నాన్నకీ తెలియదట. ఎవరు ఏం చెప్పినా 'అందులో ఏది?' అని అడగడం ఆయనకి కోర్టులో అబ్బిన అలవాటు.)

ఈ పురుగు నా బుర్రలో దూరింది అవనిగడ్డలో. అక్కని అక్కడికి ఇచ్చాం. బావకి రొయ్యల చెరువులకి ఏరియేటర్లు బిగించే షాపు ఉంది. ఏరియేటరంటే, చెరువులో నీళ్ళని చిలుకుతూ రొయ్యలకి గాలి అందించే తెడ్ల చక్రం. ఉప్పునీళ్ళలో ఇనుప చట్రం ఎంతకాలం ఆగుతుంది? అది తుప్పుపట్టి విరిగినప్పుడల్లా బావ ఫోన్ చెవికి పెట్టుకుని వెల్డర్ని బతిమాలడం మొదలుపెట్టేవాడు. ఆ వెల్డరు "బయల్దేరానండి, దారిలో ఉన్నా" అనేవాడు. వెనకనించి మాత్రం "ఇంకాస్త చారు పొయ్యనా?" అని ఆడగొంతు వినపడేది. ఇక్కడ చెరువుగట్టు మీద రైతు గుండె పట్టుకుని కూర్చునేవాడు. డిగ్రీ పరీక్షలయ్యాక అక్కడికి వెళ్ళిన నేను ఇదంతా చూసి, "నేనే నేర్చుకుంటే?" అన్నాను. బావ నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "నేర్చుకుని రా మరదలా, షాపులో సగం నీదే" అన్నాడు. చదువైపోయిందని తెలిసి మా వీధిలో ప్రతివాళ్ళూ "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అని ఆరా తీస్తున్న రోజులవి. ఫలానా పనికి నువ్వు కావాలి, రా అని నన్ను ఒకళ్ళు పిలవడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో బందరు బస్సులో దారంతా కిటికీ బయటికి చూస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. పక్క సీటావిడ లేచి వెనక్కి వెళ్ళిపోయింది.

నాన్న వద్దనలేదు. ఆయన దేన్నీ వద్దనరు, వాయిదా వేస్తారు. "రేపట్నించి శుక్రమూఢం. మూఢంలో కొత్త మెషీను కొనడం కుదరదు. ఈలోపు తిరుగు, చూడు, నలుగురినీ అడుగు. ఏ వెల్డింగో, ఏ మెషీనో తేల్చుకో. మూఢం వెళ్ళిననాడు నేనడుగుతాను. తేల్చి చెప్పావా, అవనిగడ్డ వెళ్దువుగాని. నసిగావా, విజయవాడలో బ్యాంకు కోచింగు" అన్నారు. బ్యాంకు కోచింగు అనేసరికి నా ప్రాణం ఉసూరుమంది. మా పెద్దనాన్న కొడుకు అప్పటికే ఆ కోచింగులో ఏళ్ళ తరబడి ఉంటున్నాడు. హాస్టలు వార్డెను వాణ్ణి అన్నయ్యా అని పిలిచే స్థితికి వచ్చాడు.

ఈ మాటలన్నీ వింటూ గోరుచిక్కుడుకాయలు తుంచుకుంటున్న మా నాయనమ్మ తలెత్తింది. "మూఢంలో మొదలుపెట్టకూడదు గానీ, ముందే మొదలుపెట్టిన పని సాగించుకోవచ్చు. ఇల్లు కట్టుకునేవాళ్ళు ముందురోజే ఓ ఇటుక పెట్టేసుకోవట్లా? ఒసేయ్, ఇవాళ పొద్దుగుంకేలోపు వెళ్ళి ఆ వెల్డింగు సామానేదో ఒకటి కొనుక్కొచ్చెయ్. నేను ముహూర్తం పెట్టేస్తా" అంది. శాస్త్రం విషయంలో మా ఇంట్లో ఆవిడదే పైకోర్టు. నేను స్కూటీ వేసుకుని కోనేరు సెంటరు దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపుకి పరుగెత్తాను. వెల్డింగు సామాన్లలో నాకు పేరు తెలిసింది ఒక్కటే కాబట్టి "వెల్డింగు రాడ్లు ఇవ్వండి" అన్నాను. షాపాయన "ఏ మెషీనుకమ్మా?" అన్నాడు. "ఇంకా లేదండీ." "ఏం అతికించడానికి?" "ఇంకా తెలీదండీ." ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి నన్ను పరీక్షగా చూశాడు. "మరి రాడ్లెందుకమ్మా?" "రేపట్నించి మూఢమండీ." "అదీ, అలా చెప్పండి మరి!" అని ఆయన వెంటనే ఒక ప్యాకెట్టు తీసి, పైన ధూళి దులిపి, రెండు చేతులతో అందించాడు. ఆ తర్వాత నేను వెల్డింగు గురించి చాలామందితో మాట్లాడాను గానీ, నా మాట అంత త్వరగా అర్థమైన మనిషి ఇంకొకరు తగల్లేదు.

నాయనమ్మ ప్యాకెట్టు విప్పించి, రాడ్లన్నీ ఇత్తడి పళ్ళెంలో పేర్చి, పసుపు రాసి కుంకుమ పెట్టి, దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన కూర్చోబెట్టింది. హారతిచ్చి, ఒక షరతు కూడా పెట్టింది. నేను రాడ్డు పట్టుకోవలసి వస్తే వీటినే పట్టుకోవాలి. ఇంకొకళ్ళ రాడ్డు ముట్టుకున్నానంటే ముహూర్తం మురిగిపోతుంది. సరేనన్నాను. వెల్డింగు నేర్చుకోబోయే మనిషికి ఎన్నో జాగ్రత్తలు చెబుతారు గదా, ఇదీ అందులో ఒకటనుకున్నాను.

మొదట మా వీధి చివర గేట్లూ గ్రిల్సూ చేసే మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. మేమంతా ఆయన్ని గేట్ల మేస్త్రీ అనేవాళ్ళం. "వెల్డింగంటే ఆర్కేనమ్మా. మిగతావన్నీ షోకు" అని మొదటి మాటలోనే తేల్చేశాడు. కరెంటుతో రాడ్డు కొసన నిప్పు పుట్టించడం, ఆ నిప్పుకి రాడ్డూ ఇనుమూ కలిసి కరిగి అతుక్కోవడం, అంతే విషయం. ఆయన తన రాడ్డు పెట్టి చూపించాడు. బుసబుసమంటూ నీలం వెలుగు, చల్లారాక పైన నల్లటి పెచ్చు, సుత్తితో టకటకా కొడితే ఊడి లోపల మెరిసే గీత. ఎంత తేలికో అనిపించింది. నేను నా రాడ్డు హోల్డరుకి తగిలించి, మొహానికి ఆయన నల్లద్దం అడ్డం పెట్టుకుని ఇనుపరేకు మీద గీశాను. టప్‌మని అంటుకుపోయింది. పీకితే రేకు కూడా లేచి వచ్చింది. ఇంకొకటి. అది చిటపటలాడి, ఉమ్మేసి, ఆరిపోయింది. ఇంకొకటి. అది అంటుకుంది. పైపెచ్చు ఏదో పచ్చిపసుపు కాలిన వాసన. అది పవిత్రత తాలూకు వాసనేమో అనుకున్నాను. "మేస్త్రీ గారూ, మీరోసారి ఈ రాడ్డుతో వేసి చూపిస్తారా?" అంటే, ఆయన రాడ్డు మీది కుంకుమబొట్టు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "పూజలో పెట్టినవాండీ? అబ్బే, పొద్దున్నే చేపలపులుసు తిన్నానమ్మా, నేను ముట్టుకోకూడదు. మీరే కానివ్వండి" అని దూరంగా నిలబడి చేతులూపుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత వారమంతా వెళ్ళాను. బందరులో ఉన్న మనిషి చేప ముట్టని రోజు ఎప్పుడొస్తుంది? ఆయన నా రాడ్డు ముట్టలేదు, నాకు నిప్పు నిలవలేదు. చివరికి ఆయనే జాలిపడి, "మీది నాజూకు చెయ్యమ్మా. ఆర్కు మీకు రాదు. చిలకలపూడిలో గ్యాసు మీద సన్నపని చేస్తారు, అది చూసుకోండి" అన్నాడు. ఇంటికొచ్చి నా చేతులకేసి చాలాసేపు చూసుకున్నాను. నాజూకుగా ఏం లేవు.

చిలకలపూడిలో అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు ఒకావిడ ఉంది, నేను పిన్నీ అంటాను. ఇంటిల్లిపాదీ రోల్డుగోల్డు నగలు చేస్తారు. పిన్ని చిన్న గొట్టంలోంచి వచ్చే సూదిలాంటి మంటతో చెవికమ్మలకి వెనక కాడలు అతికిస్తూ కూర్చునేది. నేను విషయం చెప్పగానే, "ఆ కరెంటు పనులు నీకెందుకే? ఇదయితే మంట కంటికి కనపడుతుంది. ఎంత కావాలంటే అంత, ఎక్కడ కావాలంటే అక్కడ" అని గొట్టం నా చేతికిచ్చింది. గ్యాసుకి రాడ్డు అక్కర్లేదు కాబట్టి ముహూర్తానికి భంగం లేదు. నేను ఊపిరి బిగబట్టి ఒక బుట్టకమ్మ మీద మంట పెట్టాను. కాడ అతుక్కుందా లేదా అని చూసేలోపు బుట్ట వంగింది, ఆ తర్వాత కుంచించుకుపోయింది, చివరికి ఉండ చుట్టుకుంది. పిన్ని దాన్ని పట్టకారుతో పైకెత్తి అటూ ఇటూ తిప్పి, "ఏం పర్లేదులే, ముక్కుపుడక అవుద్ది" అంది. అంత మంచి మనసు ఇంకెవరికుంటుంది? కానీ చెరువులో చట్రాలు దీంతో అతుకుతాయా అని అడిగితే మాత్రం నవ్వేసింది. "అంత లావు ఇనుము ఎర్రబడేసరికి మీ బావ రొయ్యలు ఉడికిపోతాయే!"

ఇలా ఆర్కు నాకు రాదు, గ్యాసు బావకి పనికిరాదు అని తేలాక (అప్పటికి తేలినవి ఈ రెండే) గుడివాడ వెళ్ళాను. అక్కడ బావ స్నేహితుడు ట్రాక్టర్ల వెనక తగిలించే ట్రక్కులు తయారుచేస్తాడు. వయసులో పెద్దవాడు కాబట్టి నాకు మావయ్య. ట్రక్కుల మావయ్య ఆర్కు పేరు వినగానే ఈసడించాడు. "రాడ్డు అయిపోయినప్పుడల్లా ఆగడం, మార్చడం, పెచ్చు కొట్టడం... ఎందుకమ్మా ఆ పాత చాదస్తం? సీవోటూ పట్టు" అన్నాడు. సీవోటూ అంటే సిలిండరు తగిలించిన పెద్ద మెషీను. మీట నొక్కితే గన్ను లోంచి సన్నటి తీగ దానంతటదే వస్తూ కరుగుతుంది. చుట్టూ గ్యాసు కమ్ముకుని గాలి తగలకుండా కాపాడుతుంది. నేను మీట నొక్కాను. జుయ్‌మంటూ గీత పడింది! వంకరదే, అయినా గీత. ఇంకొకటి వేశాను. అదీ పడింది. కుట్టుమిషను మీద లంగాకి అంచు కుట్టడం కంటే తేలిగ్గా ఉంది. నాకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. (అద్దం సరిగ్గా అడ్డం పెట్టుకోకపోవడం వల్ల కూడా చెమర్చాయి. మర్నాడంతా కళ్ళలో ఇసుక పోసినట్టుండి, నాయనమ్మ బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ళ మీద పెట్టి పడుకోబెట్టింది.) అలా కళ్ళు మూసుకునే నాన్నతో "తేలిపోయింది, సీవోటూ" అన్నాను. "మూఢం వెళ్ళనీ" అన్నారు నాన్న.

అదొక్కటి ఆయన మంచి మాటే అన్నారు. ఆ తర్వాతి వారం మావయ్య మెషీనునీ సిలిండరునీ వ్యానుకెక్కించుకుని పాలకాయతిప్ప దగ్గర ఒక చెరువు పనికి వచ్చాడు. బావ, అక్క, నేను కూడా వెళ్ళాం. నా చేతిపని వాళ్ళకి చూపించాలని నాకు ఒకటే ఆత్రం. అక్కడ సముద్రపుగాలి ఎలా కొడుతుందో తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. నేను మీట నొక్కగానే తీగ వచ్చింది, నిప్పు వచ్చింది, గ్యాసు మాత్రం వచ్చింది వచ్చినట్టు నాగాయలంక వైపు వెళ్ళిపోయింది. గీత పడాల్సిన చోట అంతా చిల్లులు, అట్టు మీద పడ్డట్టు. "గాలికి అడ్డం పెట్టండి!" అని మావయ్య కేకేశాడు. అక్క గొడుగు పట్టింది, అది తిరగబడింది. బావ టార్పాలిన్ పట్టుకున్నాడు, అది బావని పట్టుకుని గట్టు కిందకి లాక్కెళ్ళింది. చెరువు రైతు తన తువ్వాలు కూడా ఇచ్చాడు పాపం. "మా గుడివాడలో ఈ గాలి ఉండదమ్మా" అన్నాడు మావయ్య, సముద్రం కేసి కోపంగా చూస్తూ. "మీ గుడివాడలో చెరువులో చట్రం విరిగితే నాకు ఫోన్ చెయ్యరుగా బావా" అన్నాడు మా బావ, బురద దులుపుకుంటూ. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. దొరికిందనుకున్న ఒక్కటీ గాలికి కొట్టుకుపోయింది మరి. తిరుగు ప్రయాణంలో అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "బ్యాంకు ఉద్యోగాలు కూడా మంచివేనే" అంది. అది ఓదార్పు అనుకునే అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇంక నా అయోమయానికి అంతు లేకుండా పోయింది. ఫోన్లో వీడియోలు చూశాను. ఒకాయన ఆర్కుతో మొదలుపెడితేనే చెయ్యి కుదురుతుందంటాడు, ఇంకొకాయన ఆర్కుతో మొదలుపెడితే చెయ్యి పాడవుతుందంటాడు. ఇద్దరికీ లైకులు కొట్టాను. మెషీన్లమ్మే షాపుకి వెళ్తే అక్కడి సేల్స్ కుర్రాడు నున్నగా మెరుస్తున్న ఒక పెట్టె చూపించి, "త్రీ ఇన్ వన్ మేడమ్. ఆర్కూ, సీవోటూ, ఆర్గానూ మూడూ ఇందులోనే" అన్నాడు. ఆర్గానంటే ఏమిటో తెలియక మొహం పెట్టాను. స్టీలు సామాన్లకి, నున్నటి పనికి వాడేదని చెప్పాడు. "అయితే అన్నీ వస్తాయా దీంతో?" అంటే, "అన్నీ వస్తాయి మేడమ్." "ఏదీ రానివాళ్ళకి?" అన్నాను. ఆ కుర్రాడు నిజాయితీపరుడు, తల దించుకున్నాడు. ఇంటికొచ్చి, ఒక్కటే రానిదానికి మూడు కొనుక్కుంటే మూడు రాకపోవడం జరుగుతుందా, లేక మూడిట్లో ఒకటి వస్తుందా అని ఆలోచిస్తూ భోజనంలో మజ్జిగ పప్పులో పోసుకున్నాను. అమ్మ నా బట్టలు సర్దడానికి సూట్‌కేసు అటక మీదనించి దింపింది. ఏ ఊరికని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మూఢం రేపటితో వెళ్ళిపోతుందనగా, పొద్దున్నే ఎందుకో మెలకువ వచ్చి దేవుడి గదిలోకి వెళ్ళాను. నాయనమ్మ మడికట్టుకుని కూర్చుని పూజ చేసుకుంటోంది. స్వామికి నీళ్ళు చల్లింది, అమ్మవారికి చల్లింది, ఆ తర్వాత ఉద్ధరిణితో పసుపు నీళ్ళు తీసుకుని, మంత్రం చదువుతూ నా రాడ్ల మీద ఆ కొసనించి ఈ కొస దాకా శ్రద్ధగా పోసింది. పళ్ళెం అడుగున పసుపునీళ్ళు నిలిచి ఉన్నాయి. రాడ్లు అందులో నానుతున్నాయి. "నాయనమ్మా! ఏం చేస్తున్నావు?" అన్నాను. "కనపడట్లా? స్నానం చేయిస్తున్నా. రోజూ చేయించకపోతే ముహూర్తం నిలవద్దూ?" అంది. రోజూ! నేను గేట్ల మేస్త్రీ దగ్గర గీసి గీసి వదిలిపెట్టిన రాడ్లన్నీ ఈ పళ్ళెంలోంచి తీసుకెళ్ళినవే. రాడ్డు మీద పూత తడిస్తే నిప్పు నిలవదని వీడియోల్లో ఎవరో అంటే, మన రాడ్లు దేవుడి గూట్లో భద్రంగానే ఉన్నాయి కదా అని ముందుకు జరిపేశాను కూడా. నాకు నవ్వొచ్చిందో, కోపమొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. గట్టిగా అరిచాననుకుంటాను, ఇంట్లో అందరూ లేచి వచ్చారు. విషయం విని నాయనమ్మ ఏమీ చలించలేదు. "తడిస్తే పనికిరావని ముందే చెప్పి చావొచ్చుగా. తడిసిన అప్పడాలని ఏం చేస్తాం?" అని రాడ్లన్నీ కొంగున వేసుకుని డాబా ఎక్కింది.

ఆ రోజంతా మా డాబా మీద పాతచీర పరిచి, సగం మీద గుమ్మడి వడియాలు, సగం మీద వెల్డింగు రాడ్లు ఎండాయి. కాకులు రాకుండా నాయనమ్మే గొడుగు వేసుకుని కాపలా కూర్చుంది. పక్కింటావిడ పిట్టగోడ మీదనించి చూసి, "అవేం వడియాలు పిన్నిగారూ, అంత పొడుగ్గా ఉన్నాయి?" అంది. సాయంత్రం వాటిని అట్లపెనం మీద వేసి, సన్నసెగన అటూ ఇటూ దొర్లిస్తూ వేయించింది. పూత రాలిపోయినవి పక్కన పారేయగా, మిగిలినవి గుప్పెడు. వాటిని డబ్బాలో పోసి మూత బిగించి, "ఇంక దేవుడి దగ్గరకి తీసుకురాకు" అంది. అవి పనిచేస్తాయో లేదో చూసుకునే వ్యవధి నాకు లేదు.

మర్నాడు మూఢం వెళ్ళిపోయింది. నాన్న స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కోర్టుకి సెలవు పెట్టి మరీ వరండాలో నిలబడ్డారు. "తేలిందా?" అన్నారు. నేను చేతిపని ఏదైనా అడుగుతారేమోనని పొద్దున్నే గేట్ల మేస్త్రీని కాళ్ళావేళ్ళా పడి ఆయన చిన్న ఆర్కు మెషీను స్కూటరు మీద తెప్పించి పెరట్లో పెట్టించాను. కానీ నాన్న మొహం చూడగానే నలుగురూ చెప్పిన నాలుగు మాటలూ ఒక్కసారే గుర్తొచ్చాయి. "గ్యాసు అయితే సన్నపనికి నాన్నా... సీవోటూ చాలా బాగుంటుంది, కానీ గాలి ఉండకూడదు... ఆర్గాను అయితే..." అంటూ మొదలుపెట్టి ఎక్కడ తేలాలో తెలియక మునిగిపోయాను. "నసుగుతున్నావమ్మా" అన్నారు నాన్న మెల్లిగా. గదిలో సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడు వినపడింది. అప్పుడు నాయనమ్మ అడ్డొచ్చింది. "మాటలు మనింట్లో అందరూ చెప్పగలరురా. విరిగిందేదన్నా దాని చేతికియ్యి" అంది.

విరిగినవాటికి మా ఇంట్లో లోటు లేదు. నాన్న లోపలికి వెళ్ళి ఇనుప గొట్టాల కుర్చీ ఒకటి మోసుకొచ్చారు. కాలు దగ్గర విరిగిపోయింది, దాన్ని బాగుచేయించాలా పారెయ్యాలా అని మేమంతా చాలాకాలంగా చర్చిస్తూ ఉన్నాం. గేట్ల మేస్త్రీ గొట్టం మీద వేలితో కొట్టి చూసి నా చెవిలో, "పల్చటి గొట్టమమ్మా, మీ చేతిలో ఇది చిల్లు పడిపోద్ది" అన్నాడు. ఫ్యూజు ఎగిరిపోకుండా ఇంట్లో ఫ్యాన్లూ ఫ్రిజ్జూ ఆపించాం. తుప్పు గీకాను. రాడ్డు తగిలించి, అద్దం అడ్డం పెట్టుకుని, గీశాను. బుసబుసమంది. నిప్పు నిలిచింది. నిలిచి, సరిగ్గా మేస్త్రీ చెప్పినట్టే గొట్టానికి చిల్లు పెట్టింది. "అయ్యో" అంది అమ్మ కిటికీలోంచి. నేను ఆగి, చల్లారనిచ్చి, ఈసారి ఒక్కొక్క చుక్కే పెడుతూ, వదులుతూ, మళ్ళీ పెడుతూ ఆ చిల్లు పూడ్చుకుంటూ చుట్టూ తిరిగాను. ఒక రాడ్డు మధ్యలో అంటుకుంది, పీకి ఇంకోటి తగిలించాను. పెచ్చు కొట్టి చూస్తే, పాకం తప్పిన బెల్లపు ముద్దలా ఉంది అతుకు. అది అందంగా ఉందని ఎవరూ అనలేదు. మేస్త్రీ కూడా అనలేదు.

నాన్న వంగి చాలాసేపు చూశారు. "ఇది ఏ వెల్డింగు?" అన్నారు. "ఆర్కు నాన్నా." "అన్నిటిలోకీ ఇదేనా మంచిది?" అన్నారు. అవునని అబద్ధం చెప్పేస్తే సరిపోయేది. "తెలీదు నాన్నా. అవనిగడ్డ గాలికి ఇది ఆగుతుంది. తుప్పుదైనా, లావుదైనా రాడ్డు మార్చుకుని పని సాగించొచ్చు. మిగతావి ఆ తర్వాత నేర్చుకుంటాను. ఇది కూడా నాకు సరిగ్గా రాదు. విరిగితే మళ్ళీ అతికిస్తాను" అన్నాను. నాన్న కుర్చీని వరండాలో వేసి, పంచె సర్దుకుని, అందులో కూర్చున్నారు. (మా నాన్న ఒళ్ళు భారీ మనిషి, ఆ మాట ఇందాకే చెప్పాల్సింది.) కుర్చీ కిర్రుమంది. అమ్మ కళ్ళు మూసుకుంది. నాయనమ్మ కూడా ఏదో మంత్రం మొదలుపెట్టింది. కుర్చీ ఆగింది. నాన్న వెనక్కి వాలారు. పేపరు తెమ్మన్నారు. కాఫీ అక్కడికే తెమ్మన్నారు. మధ్యాహ్నం కంచం కూడా అక్కడికే తెప్పించుకున్నారు. ఎవరు ఎంత చెప్పినా ఆ పూట అందులోంచి లేవలేదు. పొద్దు వాలుతుంటే మాత్రం, పేపరు దించకుండానే, "మీ బావకి ఫోన్ చెయ్యి, ఎల్లుండి మంచిరోజు" అన్నారు. నేను గదిలోకి పరుగెత్తి, అమ్మ సర్దిన సూట్‌కేసు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు అవనిగడ్డ షాపులో ఆర్కు మెషీను ఉంది, తర్వాత కొన్న సీవోటూ ఉంది, స్టీలు పనికి ఆర్గాను కూడా ఉంది. నేర్చుకోవాలని వచ్చినవాళ్ళు "ఏది మంచిదండీ?" అని అడిగితే, "ఏం అతికిస్తారు? ఎక్కడ అతికిస్తారు? గాలి ఎటునించి కొడుతుంది?" అని తిరిగి అడుగుతాను. వాళ్ళ మొహాల్లో నా పాత మొహం కనిపించి నవ్వు ఆపుకుంటాను. నా రాడ్లు అప్పట్లో అంటుకుపోవడంలో పసుపునీళ్ళ వాటా ఎంతో, నా చేతి వాటా ఎంతో మాత్రం నాకు ఇంకా తేలలేదు. బందరు వెళ్ళినప్పుడల్లా వరండాలో ఆ కుర్చీ కాలు చూసి సిగ్గేస్తుంది. ఇంత పని వచ్చాక కూడా ఆ ముద్ద అలా ఉండటమేమిటి? నున్నగా అరగదీసి, మళ్ళీ శుభ్రంగా అతికిద్దామని ఎన్నిసార్లో గ్రైండరు పట్టుకెళ్ళాను. నా సంచిలో గ్రైండరు కనపడగానే మా నాన్న పేపరు తీసుకుని, గబగబా వెళ్ళి అందులో కూర్చుంటారు.